ప్యానెల్ బోర్డులు బిగించాం, టీచర్లు వాడటం లేదు: శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి?

మేడమ్ గారికి నమస్కారం.

మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటే చదివే మిగతావారికి కూడా వీలుగా ఉంటుంది. కావలి దగ్గరి ఒక ప్రైవేటు హైస్కూలుకు మీరు ప్రిన్సిపాల్. మొన్న వేసవిలో మేనేజ్‌మెంట్ వారు హైస్కూలు తరగతి గదుల్లో నాలుగు ఇంటరాక్టివ్ ప్యానెల్ బోర్డులు (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు) పెట్టించారు. కంపెనీ మనిషి వచ్చి ఒక పూట వాటిని ఎలా వాడాలో చూపించి వెళ్లాడు. దసరా సెలవులు అయిపోయాక చూస్తే, ఇరవై ఇద్దరు ఉపాధ్యాయుల్లో ఇద్దరు ముగ్గురు తప్ప మిగిలినవారు ఆ బోర్డును పక్కకు జరిపి మళ్లీ సుద్దముక్కే పట్టుకుంటున్నారు. అందుకని కరస్పాండెంట్ గారు ప్రతి శనివారం సాయంత్రం రెండు గంటలు అందరికీ కంప్యూటర్ శిక్షణ పెట్టమంటున్నారు, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు తెచ్చినవారికే వచ్చే ఏడాది ఇంక్రిమెంట్ ఇస్తామని కూడా అంటున్నారు. ఏ కోర్సులు మంచివి, ఎవరిచేత చెప్పించాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఒంగోలులో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను, ఆ తర్వాత ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోని ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులతో కలిసి శిక్షణ పనిలోనే ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: శనివారం శిక్షణ పెట్టవద్దు. దానికి బదులు ప్రతి ఉపాధ్యాయుడికీ బడి వేళల్లోనే, టైంటేబుల్లోనే, వారానికి ఒక పీరియడ్‌ను నేర్చుకోవడానికి కేటాయించండి. ఆ ఒక్క పీరియడ్ ఇవ్వడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే ఏ కోర్సుకూ డబ్బు పెట్టనవసరం లేదు, ఎందుకంటే ఆ డబ్బు పోయినట్టే.

మీ టీచర్లు ఎందుకు వాడటం లేదన్న దానికి కారణం బద్ధకమో, భయమో, వయసో అని అనుకుంటే దారి తప్పుతాం. మన దగ్గర ప్రైవేటు హైస్కూలులో రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు, అంటే నలభై ఎనిమిది పీరియడ్లు ఉంటే, ఒక సబ్జెక్టు టీచరు వాటిలో ముప్ఫై ఎనిమిది, నలభై దాకా తీసుకుంటారు. మిగిలిన ఆ ఎనిమిదో పదో పేరుకే లీజర్ పీరియడ్లు. వాటిలో సగం ఎవరో సెలవు పెట్టినందుకు సబ్‌స్టిట్యూషన్‌కు పోతాయి, తక్కినవి నోటు పుస్తకాలు దిద్దడానికీ, ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల మార్కులు ఎక్కించడానికీ పోతాయి. పొద్దున్నా సాయంత్రమూ స్టడీ అవర్లు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇవే టీచర్లు అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరుగుతారు. ఇంతమంది మీద ఇంత భారం పెట్టి, శనివారం సాయంత్రం బస్సు అందుకుని ఇంటికి వెళ్లవలసిన వేళ కూర్చోబెట్టి కొత్త సంగతి నేర్చుకోమంటే, వారు కూర్చుంటారు, సంతకం పెడతారు, వెళ్లిపోతారు. నేర్చుకోవడం మాత్రం జరగదు.

ఇక కంపెనీ మనిషి ఇచ్చిన శిక్షణ సంగతి. ప్యానెల్‌లో పెన్ను రంగు ఎలా మార్చాలి, పేజీ ఎలా తిప్పాలి, ఫోను తెరను దాని మీదికి ఎలా తెప్పించాలి అన్నవి చూపిస్తారు. అవి అవసరమే, కానీ పాఠానికీ వాటికీ సంబంధం లేదు. ఏడో తరగతి లెక్కల టీచరుకూ, తెలుగు పండితులకూ, సోషల్ టీచరుకూ ఒకే గదిలో ఒకే మాట చెబితే, మరునాడు తన పాఠంలో దాన్ని ఎక్కడ వాడాలో ఎవరికీ తెలియదు. ఉపాధ్యాయ శిక్షణ మీద 1980 దశకంలో అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ చేసిన పరిశీలనలు ఈ రంగంలో అందరికీ తెలిసినవే. సిద్ధాంతం వినడం, ఎవరో చేసి చూపగా చూడటం వరకే ఆగితే తరగతి గదిలో మార్పు చాలా తక్కువగా కనిపిస్తుందనీ, తన తరగతిలో తాను ప్రయత్నించి, పక్కన తోటి ఉపాధ్యాయుడు ఉండి దాని గురించి మాట్లాడుకున్నప్పుడే ఆ నేర్పు నిలుస్తుందనీ వారు చెప్పారు. నలభై ఏళ్లు గడిచాయి, పరికరాలు మారాయి, ఈ మాట మాత్రం మారలేదు.

వారానికి ఒక పీరియడ్ అంటే చాలా చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి లెక్క వేసి చూపిస్తాను, కరస్పాండెంట్ గారితో మాట్లాడేటప్పుడు మీకు పనికొస్తుంది. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరంగా నేర్చుకోవాలని చెప్పింది. సీబీఎస్‌ఈ తన పాఠశాలలకు ఇదే 50 గంటలను నియమంగా పెట్టి, అందులో సగం బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా, మిగతా సగం పాఠశాలలోపలే జరపవచ్చని వీలిచ్చింది. మీది స్టేట్ సిలబస్ పాఠశాల కాబట్టి సీబీఎస్‌ఈ నియమం మీకు వర్తించదు, కానీ కొలతగా పెట్టుకోవడానికి బాగుంటుంది. నలభై నిమిషాల పీరియడ్ ఒకటి, ఏడాదికి 36 పని వారాలు అనుకుంటే, 24 గంటలు అవుతుంది. అంటే పాఠశాలలో జరగవలసిన సగం, ఒక్క శనివారం కూడా ముట్టుకోకుండా దాదాపుగా పూర్తవుతుంది. పరీక్షల వారాలు పోతాయి. మన ప్రాంతంలో నవంబరు, డిసెంబరు నెలల్లో వానలకూ తుపాన్లకూ కొన్ని రోజులు ఎటూ పోతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో బడులు మూసేశారు. అవన్నీ తీసేసినా ఇరవై గంటలకు తగ్గదు.

ఈ పీరియడ్‌ను టైంటేబుల్లో ఎలా ఇరికించాలన్నదే అసలు కష్టం, టైంటేబుల్ ఇన్‌ఛార్జి మొదట కుదరదనే అంటారు. అందరికీ ఒకేసారి ఖాళీ దొరకనవసరం లేదు. టీచర్లను సబ్జెక్టును బట్టి నాలుగు చిన్న గుంపులు చేయండి: గణితం, సైన్సు కలిపి ఒకటి, తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలిపి ఒకటి, సోషల్, కంప్యూటర్ ఒకటి, ప్రైమరీ ఒకటి. ఒక గుంపు కూర్చున్న పీరియడ్‌లో ఆ తరగతులకు మిగతా సబ్జెక్టులు, ఆటలు, డ్రాయింగు, లైబ్రరీ పడేట్టు చూసుకోవాలి. మొదటి పీరియడ్, ఆఖరి పీరియడ్ వద్దు. మొదటి దాంట్లో ఆలస్యంగా వచ్చేవారి గొడవ, ఆఖరి దాంట్లో బస్సుల హడావుడి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఒకటుంది: ఆ పీరియడ్‌లో ఆ గుంపులోని ఎవరికీ సబ్‌స్టిట్యూషన్ వేయకూడదు. ఒక్కసారి వేస్తే రెండోసారి అలవాటవుతుంది, నెల తిరిగేలోగా ఆ పీరియడ్ కాగితం మీద మాత్రమే మిగులుతుంది. దీన్ని కాపాడవలసింది మీరే, ఇన్‌ఛార్జి చేతిలో వదిలేసేది కాదు.

ఇప్పుడు ఆ నలభై నిమిషాల్లో ఏం చేయాలో ఒక పాఠం తీసుకుని చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలా చోట్ల పని చెడుతుంది. ఆ పీరియడ్‌ను పరికరంతో మొదలుపెట్టకూడదు, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారన్న దానితో మొదలుపెట్టాలి. హైస్కూలు తరగతుల్లో ఏదో ఒక రూపంలో విద్యుత్ ప్రవాహం పాఠం వస్తుంది. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటులో కొంత బల్బు దగ్గర ఖర్చయిపోయి, అవతలి తీగలో తక్కువ కరెంటు తిరిగి వస్తుందని ఎక్కువమంది పిల్లలు అనుకుంటారు. నిర్వచనాలు అప్పజెప్పి పూర్తి మార్కులు తెచ్చుకునే పిల్లల మనసులోనూ ఈ పొరపాటు అలాగే ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడ పరిశీలించినా సైన్సు బోధన పరిశోధకులకు ఎదురైన అపోహే ఇది. దీన్ని సరిచేయడానికి అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు, చక్కగా పనికొస్తాయి. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన కార్ల్ వీమన్ 2002లో వీటిని మొదలుపెట్టారు. ఇవి పూర్తిగా ఉచితం, ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా నడుస్తాయి. అందులో విద్యుత్ వలయాలు కట్టే సిమ్యులేషన్ తెరిస్తే, బ్యాటరీ, బల్బు, తీగలు, స్విచ్చు, కరెంటును కొలిచే అమ్మీటరు అన్నిటినీ వేలితో లాగి కలుపుకోవచ్చు.

టీచరు ఒక బ్యాటరీకి ఒక బల్బును కలిపి, బల్బుకు ముందు ఒక అమ్మీటరు, తర్వాత ఒక అమ్మీటరు పెట్టి, స్విచ్చు వేయకుండా ఆపాలి. అప్పుడు తరగతిని అడగాలి: ఏ అమ్మీటరు ఎక్కువ చూపిస్తుంది, మొదటిదా, రెండోదా, రెండూ సమానమా? ప్రతి పిల్లవాడూ తన సమాధానాన్నీ, కారణాన్నీ నోటు పుస్తకంలో ఒక్క వాక్యంలో రాయాలి, రాశాక చేతులెత్తాలి. ఎక్కువ చేతులు మొదటిదానికే లేస్తాయి. అప్పుడు స్విచ్చు వేస్తే రెండు అమ్మీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి. గదిలో గోల మొదలవుతుంది, "మరి బల్బుకు కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న పిల్లల నోటి నుంచి వచ్చిన తర్వాతే విద్యుదావేశ ప్రవాహం వేరు, దాని ద్వారా అందే శక్తి వేరు అన్న మాట చెప్పాలి. అదే సిమ్యులేషన్‌ను టీచరు ముందే స్విచ్చు వేసి, "చూశారా, రెండూ సమానం, రాసుకోండి" అంటే, పిల్లలకు అది ఒక కదిలే బొమ్మగా మాత్రమే మిగులుతుంది. రెండు తరగతుల్లోనూ ప్యానెల్ ఒకటే, వాడిన నిమిషాలూ అన్నే; మీ రిజిస్టరులో రెండూ డిజిటల్ పాఠాలుగానే నమోదవుతాయి.

ఈ పాఠానికి టీచరు నేర్చుకోవలసిన సాంకేతిక నేర్పు ఎంత? ఒక వస్తువును లాగడం, రెండు చివరలు కలపడం, స్విచ్చు వేయడం. అయిదు నిమిషాల్లో వస్తుంది, అది కూడా స్టాఫ్ రూములో తన ఫోను మీదే నేర్చుకోవచ్చు. మిగతా ముప్ఫై అయిదు నిమిషాలూ ఏ ప్రశ్న అడగాలి, ఎక్కడ ఆపాలి, పిల్లలు ఏమనవచ్చు, తప్పు చెప్పిన పిల్లవాడు చిన్నబోకుండా ఎలా ముందుకు తీసుకెళ్లాలి అన్న చర్చకు పోవాలి. పంతులుకు సబ్జెక్టు తెలియడం వేరు, దాన్ని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పే జ్ఞానం వేరు అని అమెరికా విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో చెప్పారు. దానికి సాంకేతికతను కూడా జతచేసి, ఈ మూడూ కలిసే చోటే అసలు నైపుణ్యం ఉందని పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే పరిశోధకులు 2006లో వివరించారు. బీఈడీ పరీక్షల్లో ఈ పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్న టీచర్లు మీ దగ్గరే ఉంటారు. వారిని ఒకసారి కదిపి చూడండి, ఆ చదువుకు ఇప్పుడు పని తగులుతుంది.

గణితం టీచర్లకు గ్రాఫులు, ఆకారాలు గీసి కదిలించి చూపే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్ ఉంది, అది కూడా ఉచితమే, కంప్యూటర్లో పెట్టుకుంటే ఇంటర్నెట్ అక్కరలేదు. సరళరేఖ వాలు మారుస్తూ రేఖ ఎలా తిరుగుతుందో చూపేముందు పిల్లలచేత గ్రాఫు కాగితం మీద ఊహించి గీయించాలన్న సూత్రం అక్కడా అంతే.

ప్యానెల్ లేని తరగతుల గురించి కూడా రాశారు. నిజానికి నేను మీ స్థానంలో ఉంటే మొదట ప్లికర్స్ కార్డులతో మొదలుపెట్టేవాడిని. దీనికి టీచరు దగ్గర ఒక ఫోను ఉంటే చాలు, పిల్లలకు ఏ పరికరమూ అవసరం లేదు. ప్రతి పిల్లవాడికీ నలుపు గడులతో అచ్చయిన ఒక కాగితపు కార్డు ఇస్తారు. దాని నాలుగు అంచుల మీద ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలుంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేట్టు కార్డును తిప్పి పట్టుకుంటే, టీచరు ఫోను కెమెరాను గది మీదుగా ఒకసారి తిప్పగానే ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో ఫోనులో కనిపిస్తుంది. ప్రతి కార్డు మీదా గడుల అమరిక వేరువేరుగా ఉంటుంది, అక్షరాలు చిన్నవిగా ఉంటాయి కాబట్టి పక్కవాడిని చూసి కాపీ కొట్టడానికి వీలుండదు. మామూలు సెట్టులో నలభై కార్డులుంటాయి, మన సెక్షన్లకు సరిగ్గా సరిపోతుంది. జిరాక్సు షాపులో మందపాటి కాగితం మీద తీయించండి, లామినేషన్ మాత్రం చేయించకండి. ట్యూబ్‌లైటు వెలుగు మెరుపుకొట్టి కెమెరా చదవలేకపోతుంది. ఎప్పుడూ చెయ్యెత్తని వెనక బెంచీ పిల్లల మనసులో ఏముందో ఆ రోజే, ఆ పీరియడ్‌లోనే టీచరుకు తెలుస్తుంది. టెక్నాలజీ అంటే తెర అని అనుకునే మేనేజ్‌మెంట్లకు ఇది కాస్త వింతగా ఉంటుంది, తల్లిదండ్రులకు చూపించుకోవడానికి పెద్ద ఆకర్షణ కూడా కాదు, కానీ బోధనకు దీనివల్ల జరిగే మేలు ప్యానెల్‌కు తీసిపోదు.

ఇక పరికరాల నిర్వహణ గురించి ఒక్క మాట. ఎండాకాలపు కరెంటు కోతలకు ప్యానెల్ ఆగిపోతే తిరిగి తెరుచుకునే లోపు పాఠం చెదిరిపోతుంది, కాబట్టి నాలుగు ప్యానెళ్లకూ ఇన్వర్టర్ లైను ఉందో లేదో చూడండి. ఇంటర్నెట్ మీద ఆధారపడే పాఠం ఏదైనా పెన్‌డ్రైవ్‌లో కూడా ఉండాలి, దాన్ని ఆ గదిలోని ఆ ప్యానెల్ మీదే ఒకసారి ముందుగా తెరిచి చూసుకోవాలి. ఒకసారి పిల్లల ముందు బోర్డు మొరాయించి చిన్నబోయిన టీచరు మళ్లీ దాని జోలికి పోరు.

కోర్సుల విషయానికి వస్తే, డబ్బు పెట్టి కొనవలసినవి మీకేమీ లేవు. ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ కోర్సులు, పాఠాలు అందించే కేంద్ర ప్రభుత్వపు దీక్ష పోర్టల్ ఉంది. దాన్ని 2017 సెప్టెంబరు 5న మన నెల్లూరు జిల్లావారే అయిన, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. 2019లో ఉపాధ్యాయుల కోసం కేంద్రం మొదలుపెట్టిన నిష్ఠ శిక్షణ కార్యక్రమం కోవిడ్ కాలంలో, 2020లో, దీక్షలోకి మారింది, ఆ మాడ్యూళ్లు తెలుగులో కూడా వచ్చాయి. కేంద్రానిదే మరో ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్‌లోనూ ఉపాధ్యాయులకు పనికొచ్చే కోర్సులున్నాయి, కానీ అవి ఎక్కువగా ఇంగ్లీషులో, కాస్త పొడవుగా ఉంటాయి. ఇంగ్లీషు మీడియంలో పాఠం చెప్పే టీచరు అయినా, తాను నేర్చుకునేటప్పుడు తెలుగులో ఉంటే తొందరగా పట్టుకుంటారన్న సంగతి మనకు తెలియనిది కాదు, ఒప్పుకోవడానికే మొహమాటం. ఈ కోర్సులను ఎవరికి వారు ఇంటి దగ్గర చూసే పనిగా పెట్టకండి. ఒక గుంపు ఒక మాడ్యూలులోంచి తమకు కావలసిన ఒక్క ముక్క ఎంచుకుని, ఆ వారం పీరియడ్‌లో కలిసి చూసి, అది తమ తరగతికి ఎంతవరకు నప్పుతుందో వాదించుకోవాలి.

ప్రభుత్వ ఉపాధ్యాయులకు ప్రకాశం జిల్లాలో మైనంపాడు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ), నెల్లూరు జిల్లాలో పల్లిపాడు డైట్, స్కూల్ కాంప్లెక్సు సమావేశాలు అంటూ ఒక వ్యవస్థ ఉంది. దాని నాణ్యత గురించి ఎవరి అభిప్రాయం వారిది, కానీ ప్రైవేటు టీచరుకు చాలావరకు ఆ మాత్రం ఆసరా కూడా లేదు. అందుకే చుట్టుపక్కల ఉన్న మూడు నాలుగు ప్రైవేటు పాఠశాలల సైన్సు టీచర్లు నెలకోసారి ఒక చోట కలుసుకునే ఏర్పాటు చేయమని నేను కోరుతుంటాను. అడ్మిషన్ల పోటీ వల్ల కరస్పాండెంట్లు దీనికి సులభంగా ఒప్పుకోరు. కావలిలో మీకు పరిచయమున్న ఒక్క పాఠశాలతో మొదలుపెట్టి చూడండి, అదీ కాకపోతే వదిలేయండి, మొదట మీ పాఠశాల లోపలి పీరియడ్ నిలదొక్కుకోవాలి.

తరగతి పరిశీలన గురించి మీరు అడగలేదు, అయినా చెప్పక తప్పదు. మన పాఠశాలల్లో ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చుని రిజిస్టరులో గొంతు, బోర్డు రాత, క్రమశిక్షణ అంటూ మార్కులు వేసే పద్ధతి ఉంది. కొత్త పరికరం పట్టుకున్న టీచరు దగ్గరికి ఆ రిజిస్టరుతో వెళ్తే, ఆ టీచరు మీరు వచ్చిన రోజున మాత్రమే ప్యానెల్ వాడతారు. జపాన్‌లో వందేళ్లకు పైగా నడుస్తున్న పద్ధతి వేరు. అక్కడ ఉపాధ్యాయులు కొందరు కలిసి ఒక పాఠాన్ని తయారు చేసుకుంటారు, ఒకరు చెబుతారు, మిగతావారు టీచరును కాకుండా పిల్లలను గమనిస్తారు. మీ గుంపుల్లోనూ అదే చేయవచ్చు. నేను చెప్పిన విద్యుత్ పాఠం జరుగుతుంటే, ఇంకో టీచరు వెనక కూర్చుని ఇద్దరు పిల్లలను ఎంచుకుని, వాళ్లు మొదట ఏం రాశారు, స్విచ్చు వేశాక మొహం ఎలా పెట్టారు, చివర ఏం దిద్దుకున్నారు అన్నది మాత్రమే రాసుకోవాలి. మరుసటి వారం పీరియడ్‌కు ఆ కాగితమే ముడిసరుకు. ఇలాంటి మొదటి పాఠాన్ని మీరే ఒకటి చెప్పి, మీ టీచర్లను వెనక కూర్చోబెడితే సగం జంకు ఆ రోజే పోతుంది.

మీ తెలుగు పండితులు రిటైర్‌మెంట్ దగ్గర్లో ఉన్నారనీ, "ప్యానెల్ మీద పద్యం రాస్తే ఏం ఒరుగుతుంది?" అని అడుగుతున్నారనీ రాశారు. వారు అడిగింది సబబైన ప్రశ్నే, నా ఓటు ఆయనకే. పద్యాన్ని చెవితో నేర్చుకోవాలి. ఆయనకు ప్యానెల్ అవసరం లేదు కానీ ఫోనులోని రికార్డరు పనికొస్తుంది. తిక్కన పద్యం ఒకటి ఆయన తన గొంతుతో, విరుపు దగ్గర ఆగుతూ, రాగయుక్తంగా ఒకసారి, గణాలు విడగొడుతూ ఇంకోసారి చదివి రికార్డు చేస్తే, నెల్లూరు గడ్డ మీద పుట్టిన ఆ కవిత్వం ఆ తర్వాత వచ్చే పిల్లలకు కూడా అదే గొంతులో దొరుకుతుంది. పిల్లలు కూడా తాము చదివింది రికార్డు చేసుకుని విని, ఎక్కడ విరుపు తప్పిందో తామే పట్టుకోవాలి. ఆయన తరగతిలో ప్యానెల్ మూసి ఉన్నా ఏమీ అనకండి. రిజిస్టరు నింపడం కోసం ప్రతి పీరియడ్‌లోనూ ప్యానెల్ వెలగాలన్న నియమం పెడితే, ఆయనలాంటి మంచి ఉపాధ్యాయులు నొచ్చుకుంటారు, తక్కినవారు యూట్యూబు వీడియో ఒకటి పెట్టి కుర్చీలో కూర్చుంటారు.

ఏఐ (కృత్రిమ మేధ) గురించి అడిగిన దానికి క్లుప్తంగా చెబుతాను. చాట్‌జీపీటీ 2022 నవంబరు చివర వచ్చినప్పటి నుంచి ప్రశ్నపత్రాలకూ, లెసన్ ప్లాన్లకూ టీచర్లు ఇలాంటి వాటిని వాడుతూనే ఉన్నారు, మీరు వద్దన్నా వాడతారు. ఒకే లెక్కను మూడు స్థాయిల్లో అడగడం, తప్పు జవాబులను నమ్మేట్టుగా రాయడం లాంటి పనులకు బాగుంటుంది. కానీ అంకెలు, తేదీలు, తెలుగు వ్యాకరణం, ఛందస్సు విషయాల్లో నిబ్బరంగా తప్పు చెబుతుంది కాబట్టి ప్రతి జవాబూ టీచరు తానుగా చేసి చూడాలి. పిల్లల పేర్లు, మార్కులు, ఫోటోలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు వాటిలో ఎక్కించకూడదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల నుంచి రూఢి చేసుకోదగిన అనుమతి ఉండాలంటుంది, పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా రూ.200 కోట్ల దాకా ఉండవచ్చు. ప్లికర్స్‌లో కూడా పేరుకు బదులు రోల్ నంబరు వేస్తే సరిపోతుంది.

కరస్పాండెంట్ గారు ఖర్చు దగ్గర ఆగుతారు కాబట్టి, ఆయనకు ఈ లెక్క చూపించండి. ప్యానెల్ ఒక్కటి, సైజును బట్టి, లక్ష నుంచి రెండు లక్షల దాకా ఉంటుంది. మన ఊళ్లలో అయిదో ప్యానెల్ కొనే డబ్బుతో ఒక పార్ట్‌టైం టీచరుకు దాదాపు ఏడాది జీతం ఇవ్వవచ్చు, ఆ ఒక్క మనిషి సబ్‌స్టిట్యూషన్లు చూసుకుంటే నాలుగు గుంపుల పీరియడ్లూ నిలబడతాయి, బిగించిన నాలుగు ప్యానెళ్లూ పనిలోకి వస్తాయి. శిక్షణ ఇస్తే మే నెలలో కార్పొరేట్ స్కూలుకు వెళ్లిపోతారన్న భయం కూడా ఆయనకు ఉంటుంది, అది అబద్ధం కాదు, కొందరు వెళ్తారు. అందుకే ప్రతి గుంపూ తాము తయారు చేసుకున్న పాఠాన్ని పెన్‌డ్రైవ్‌లోనూ, ఏ ప్రశ్న అడిగారు, పిల్లలు ఏమన్నారు, మళ్లీ చెబితే ఏం మార్చాలి అన్నది ఒక పేజీలోనూ స్కూలు దగ్గరే దాచాలి. జూన్‌లో చేరే కొత్త టీచరుకు పాఠ్యపుస్తకంతో పాటు ఆ పేజీలు ఇవ్వండి.

ఇంక్రిమెంట్‌ను సర్టిఫికెట్లకు ముడిపెట్టే ఆలోచనను మాత్రం గట్టిగా ఆపండి. ఒక పక్క వీడియో నడుస్తుంటే మరో పక్క నోటు పుస్తకాలు దిద్దుకుని, చివరి ప్రశ్నలకు జవాబులు గ్రూపులో తెప్పించుకుని సర్టిఫికెట్లు తెచ్చుకునే విద్య మనవాళ్లకు బాగా తెలుసు, దానికి వారిని తప్పుపట్టలేం. ఆయన తప్పనిసరిగా డబ్బు రూపంలో ఏదైనా ఇవ్వాలనుకుంటే, ప్రతి గుంపుకూ ఒక బాధ్యురాలినో బాధ్యుడినో పెట్టి, వారికి వారానికి రెండు పీరియడ్లు తగ్గించి, నెలకు కొంత అలవెన్సు ఇవ్వమనండి.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నారు కదా. పదో తరగతి చెప్పేవారిని ఈ ఏడాది కదిలించవద్దు, వారికి రివిజన్లు, స్లిప్ టెస్టులే సరిపోతాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల గణితం, సైన్సు టీచర్లతో ఒక్క గుంపును సంక్రాంతి సెలవుల తర్వాత మొదలుపెట్టండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వారు ఏం చేశారో చూశాక, వచ్చే జూన్ టైంటేబుల్ రాసేటప్పుడే మిగతా మూడు గుంపుల పీరియడ్లను ముందు వేయించి, తక్కిన పీరియడ్లను వాటి చుట్టూ సర్దమని మీ ఇన్‌ఛార్జికి చెప్పండి.